సరకు కొరత, సొమ్ము కొరత: అమెరికాలో బరువు మందుల చరిత్ర

2018 ఫిబ్రవరి 22న అమెరికాలో వెస్ట్‌ వర్జీనియా రాష్ట్రంలోని 55 కౌంటీలలోనూ ప్రభుత్వ పాఠశాలలు మూతబడ్డాయి. ఉపాధ్యాయులు సమ్మె కట్టారు. జీతాలు చాలకపోవడం ఆ సమ్మెకు ఎంత కారణమో, రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా సంస్థ అంతకు తక్కువ కారణం కాదు. పీ.ఇ.ఐ.ఏ. అని పిలిచే ఆ సంస్థ ఒకవంక బీమా భారం పెంచబోయింది. ఇంకొకవంక 'గో 365' అనే కొత్త ఏర్పాటు తెచ్చింది. ఉద్యోగులు అందులో చేరి, రోజుకు ఎన్ని అడుగులు నడిచిందీ ఒక కంపెనీకి లెక్క చెప్పుకోవాలి. చేరనివారూ, చేరి చాలినన్ని పాయింట్లు సంపాదించనివారూ నెలకు 25 డాలర్లు అదనంగా చెల్లించాలి. పిల్లలకు మార్కులు వేసే పంతుళ్ళ ఒంటికే మార్కులు వేసే కంపెనీ వచ్చిందన్నమాట. నిరసన చెలరేగేసరికి గవర్నరు ఈ ఏర్పాటును సమ్మెకు ముందే వెనక్కు తీసుకున్నాడు గాని, రగిలిన కోపం చల్లారలేదు. తొమ్మిది బడిరోజులు సాగిన సమ్మె ఐదు శాతం జీతం పెంపుతో ముగిసింది.

ఆరేళ్ళు గడిచాయి. 2024 మార్చిలో అదే బీమా సంస్థ మరో నిర్ణయం ప్రకటించింది. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లకు డబ్బు చెల్లించే ప్రయోగాత్మక పథకం ఒకటి అది నడుపుతూ వుండేది. అందులో వున్నవారు సుమారు వెయ్యిమంది. ఆ వెయ్యిమందికే నెలకు పదమూడు లక్షల డాలర్లు ఖర్చవుతున్నదని చెప్పి పథకాన్ని ఎత్తివేశారు. స్థూలకాయంలో అమెరికా రాష్ట్రాలన్నిటిలోకీ ముందువరసన నిలిచే రాష్ట్రం అది. ఒళ్ళు కదల్చనందుకు జుల్మానా వేయబోయిన బీమా, ఒళ్ళు తగ్గించే మందు వచ్చినప్పుడు సొమ్ము లేదన్నది.

అప్పటికే అమెరికాలో ఇంకొక దారి తెరుచుకుని వుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటరులో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే, ఎన్నడూ చూడని డాక్టరు మందుచీటీ రాస్తాడు; ఎక్కడో వున్న ఫార్మసీ అదే మందును తన సొంతాన కలిపి సీసాలో పోసి పోస్టులో పంపుతుంది. బీమాతో పని లేదు, కంపెనీ మందు ధరలో చిన్న భాగం చెల్లిస్తే చాలు. ఈ దారి ఎలా తెరుచుకున్నది, ఎవరు తెరిచారు, ఎందుకు మూసుకున్నది అన్న ప్రశ్నలకు జవాబు వెదకడం ఈ వ్యాసం పని.

స్థూలకాయం తిండి ఎక్కువైనవాళ్ళ జబ్బు, దాని మందు గొడవ మనకెందుకనే మిత్రులుండవచ్చు. వెస్ట్‌ వర్జీనియా బొగ్గుగనుల రాష్ట్రం, అమెరికాలో పేద రాష్ట్రాలలో ఒకటి. అక్కడ లావు సంపదకు గుర్తు కాదు. చవక తిండికీ, కూర్చుని చేసే కొలువుకూ, కునుకు కరువైన షిఫ్టులకూ గుర్తు. పైగా మన ముందున్నది ఒక్క జబ్బు ప్రశ్న కాదు. మందు వుండీ మనిషికి చేరకపోవడం అనే ప్రశ్న ఇది. ఆ ప్రశ్న ఏ దేశపు ఉపాధ్యాయుడికీ పరాయిది కాదు.

కాంపౌండరు పోయి కంపెనీ వచ్చిన కాలం

మన ఊళ్ళలో పెద్దవాళ్ళకు కాంపౌండరు బాగా తెలుసు. డాక్టరు చీటీ రాస్తే, లోపలి గదిలో కాంపౌండరు మందులు కలిపి, సీసాలో మిక్చరు పోసి, మోతాదుకొక గీత చొప్పున కాగితం అతికించి ఇచ్చేవాడు. అమెరికాలోనూ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా మందుల షాపువాడు చేసిన పని ఎక్కువగా ఇదే. తర్వాత ఫ్యాక్టరీలో తయారైన మాత్రలు వచ్చాయి, కలపడం తగ్గింది, అమ్మడం మిగిలింది. మందు తయారీ చేతిపని స్థితి నుంచి యంత్రోత్పత్తి స్థితికి మారిన ఈ ఘట్టంలోనే, దాన్ని అదుపుచేసే చట్టాలు కూడా పుట్టాయి. ఆ చట్టాలు ఎలా పుట్టాయో గమనిస్తే వాటి బలమూ, బలహీనతా రెండూ బోధపడతాయి.

1933లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు డైనైట్రోఫినాల్‌ అనే రసాయనం ఒంట్లో కొవ్వును కరిగిస్తుందని ప్రకటించారు. పేలుడు మందుల కార్ఖానాలలో వాడే వస్తువు అది. ఏడాది తిరిగేసరికి లక్షమంది దాకా దాన్ని మింగారని అంచనా. కొందరికి కళ్ళలో శుక్లాలు కమ్మాయి, కొందరు ఒళ్ళు పెనంలా కాలిపోయి చనిపోయారు. 1906 నాటి పాత చట్టం కింద దాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి లేకపోయింది. ఇంతలో 1937లో ఎస్‌.ఇ. మాసెంగిల్‌ అనే కంపెనీ సల్ఫనిలమైడ్‌ మందును తియ్యని విషద్రవంలో కలిపి ద్రావకంగా అమ్మింది. అది తాగి వందమందికి పైగా మరణించారు, అందులో పిల్లలెందరో వున్నారు. 1938లో కొత్త చట్టం వచ్చింది. మందు అమ్మకానికి ముందు అది ప్రాణాపాయం కాదని రుజువు చేయాలన్నది. డైనైట్రోఫినాల్‌ కూడా అప్పుడే ఆగింది.

ఐతే బరువు మందు బజారు ఆగలేదు. మనిషికి తన ఒంటి మీద వుండే సిగ్గు ఎంత పెద్ద మార్కెట్టో వ్యాపారులు అప్పటికే కనిపెట్టారు. 1940ల నుంచి 1960ల దాకా 'ఇంద్రధనుస్సు మాత్రలు' అన్నవి చలామణీ అయ్యాయి. యాంఫెటమిన్‌, థైరాయిడ్‌, మూత్రం తెప్పించే మందు, విరేచనకారి, గుండెకు వాడే డిజిటాలిస్‌, వీటన్నిటి దుష్ఫలితాలను కప్పిపుచ్చడానికి నిద్రమాత్ర — రంగురంగులుగా పొట్లం కట్టి, బరువు డాక్టర్లు తమ క్లినిక్కులలోనే అమ్మేవారు. మనిషి మనిషికీ ప్రత్యేకంగా తయారుచేసిన మందు అని వాళ్ళు చెప్పుకునేవారు. నిజానికి అవి కంపెనీ నుంచి పెట్టెలకొద్దీ వచ్చిన మాత్రలే. చావులు బయటపడి, 1968లో సెనేట్‌ విచారణ జరిగాక ఆ రంగులు వెలిశాయి. తర్వాత 'ఫెన్‌-ఫెన్‌' వచ్చింది. గుండె కవాటాలు చెడగొడుతున్నదని తేలి, 1997 సెప్టెంబరులో అందులోని ఫెన్‌ఫ్లురమిన్‌ను బజారు నుంచి తొలగించారు.

ఈ వరస చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చావుల తర్వాత చట్టం వచ్చింది, వచ్చిన ప్రతి చట్టమూ క్షేమం గురించి మాట్లాడింది. ఒక్కటీ ధర గురించి మాట్లాడలేదు. మందు విషమైతే అడ్డుకునే అధికారం అమెరికా ప్రభుత్వానికి వచ్చింది, మందు అందకపోతే అడిగే అధికారం మాత్రం ఎవరికీ రాలేదు.

రెండు తాళాల తలుపు

కంపెనీ మందు వచ్చాక కూడా కాంపౌండరు పని పూర్తిగా పోలేదు. ఫలానా రంగు పడని రోగికి రంగు లేకుండా, మాత్ర మింగలేని బిడ్డకు ద్రవంగా మందు కలిపివ్వవలసిన అవసరాలు ఎప్పుడూ వున్నాయి. ఈ పనిని పర్యవేక్షించేది రాష్ట్రాల ఫార్మసీ బోర్డులు. ఫ్యాక్టరీని చూసేది కేంద్ర సంస్థ ఎఫ్‌.డి.ఏ. ఐతే మందు కలిపే షాపు పెరిగి పెద్దదై రాష్ట్రం దాటి అమ్మితే అది షాపా, ఫ్యాక్టరీయా? ఈ ప్రశ్నకు 1997లో ఒక చట్టం జవాబిచ్చింది. ఒక్కొక్క రోగికీ చీటీ ప్రకారం కలపవచ్చు, బజారులో దొరికే మందుకు నకలు కలపకూడదు, కలిపే మందును ప్రకటనలతో అమ్మకూడదు అని. ప్రకటనల నిషేధం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని 2002లో సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురి తీర్పుతో దాన్ని కొట్టివేసింది. వాక్‌స్వాతంత్ర్యం మందు రేపర్‌ మీద కూడా వాలిందన్నమాట. ఈ తీర్పు ఫలితం తర్వాత చూస్తాం.

2012లో మసాచుసెట్స్‌ రాష్ట్రం ఫ్రేమింగ్‌హామ్‌ పట్టణంలోని న్యూ ఇంగ్లాండ్‌ కాంపౌండింగ్‌ సెంటరు నుంచి వెళ్ళిన వెన్ను ఇంజెక్షన్లలో బూజు పెరిగింది. 20 రాష్ట్రాలలో 753 మందికి జబ్బు చేసింది, 64 మంది మరణించారు. పేరుకు అది షాపు, పనికి ఫ్యాక్టరీ. ఆరేళ్ళ ముందే, 2006లో, ఎఫ్‌.డి.ఏ. దానికి హెచ్చరిక లేఖ రాసింది. ఐనా అదుపుచేసే బాధ్యత ఎవరిదన్న అయోమయం మధ్య అది పెరిగింది. 2013 నవంబరులో వచ్చిన చట్టం కలిపేవాళ్ళను రెండు తరగతులు చేసింది. చీటీ ప్రకారం కలిపే షాపులు రాష్ట్ర బోర్డుల కింద వుంటాయి. పెద్ద యెత్తున కలిపే కేంద్రాలు ఎఫ్‌.డి.ఏ. దగ్గర నమోదై తనిఖీకి లోబడతాయి. ఇద్దరికీ నకలు నిషేధమే. ఒక్క మినహాయింపు వుంది: కంపెనీ మందు 'కొరత జాబితా'లో వున్నంతకాలం దాన్ని కలిపి అమ్మవచ్చు.

కొరత అంటే ఏమిటి? దేశంలో మందుకున్న గిరాకీ సరఫరాను మించితే అది కొరత అని చట్టం నిర్వచించింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. అర్థశాస్త్రంలో గిరాకీ అంటే కోరిక కాదు, కొనగలిగిన కోరిక. డబ్బు లేక కొనని మనిషి ఆ లెక్కలోకి రాడు. షాపు అలమర నిండుగా వుండి, ఎదురుగా వెయ్యిమంది వట్టి చేతులతో నిలబడితే, చట్టం దృష్టిలో అక్కడ కొరత లేదు. సరకు కొరతను చూడగల చట్టానికి సొమ్ము కొరత కనిపించదు. ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. తర్వాత జరిగిన కథంతా ఈ గుడ్డితనం చుట్టూ తిరిగింది.

ఉమ్మడి శ్రమ, ఒంటరి ధర

కొత్త ఇంజెక్షన్ల మూలం జి.ఎల్‌.పి.-1 అనే హార్మోను. పేగులలో పుట్టి, చక్కెరను అదుపుచేసి, ఆకలిని చల్లార్చే ఈ పదార్థాన్ని 1980లలో మసాచుసెట్స్‌ జనరల్‌ ఆసుపత్రిలో జోయెల్‌ హేబెనర్‌, స్వెత్లానా మొయ్‌సోవ్‌, డెన్మార్కులో యెన్స్‌ హోల్స్ట్‌ మొదలైనవారు వెలికితీశారు. యుగోస్లావియాలో పుట్టిన మొయ్‌సోవ్‌ పేరు పేటెంట్లలో చేర్చడానికే ఆమె పోరాడవలసి వచ్చింది. పెద్ద గౌరవం, లాస్కర్‌ బహుమతి, 2024లో గాని రాలేదు. ఈ హార్మోను ఒంట్లో నిమిషాలలో కరిగిపోతుంది. ఎక్కువసేపు నిలిచే బంధువు కావలసి వచ్చింది. న్యూయార్కు బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రిలో జాన్‌ ఇంగ్‌ అనే డాక్టరు, ఉడుమును తలపించే గిలా మాన్‌స్టర్‌ అనే ఎడారి బల్లి విషంలో దాన్ని కనుక్కున్నాడు. 2005లో మధుమేహానికి వచ్చిన మొదటి మందు అక్కడినుంచి పుట్టిందే. నోవో నోర్డిస్క్‌ కంపెనీ రసాయనవేత్తలు సెమాగ్లుటైడ్‌ను రూపొందించారు. అది 2017లో ఓజెంపిక్‌గా మధుమేహానికీ, 2021లో వెగోవీగా బరువుకూ అనుమతి పొందింది. ఎలి లిల్లీ కంపెనీ టిర్జెపటైడ్‌ 2022లో, 2023లో అదే వరసన వచ్చింది.

విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ఆసుపత్రులు, కంపెనీ ప్రయోగశాలలు కలిసి నలభై ఏళ్ళు పడిన శ్రమ ఇది. కంపెనీ శాస్త్రజ్ఞుల పని తక్కువదని ఎవరూ అనరు. శ్రమ ఎందరిదో అయినా, ధర చెప్పే నోరు మాత్రం ఒక్కటే. వెగోవీకి అమెరికాలో నెలకు 1,349 డాలర్లని రాశారు. 2024 సెప్టెంబరులో కంపెనీ అధిపతిని సెనేట్‌ కమిటీ ముందు నిలబెట్టినప్పుడు సెనేటర్‌ బెర్నీ సాండర్స్‌ చదివిన లెక్కలివి: ఓజెంపిక్‌ అమెరికాలో 969 డాలర్లు, కంపెనీ స్వదేశమైన డెన్మార్కులో 122, జర్మనీలో 59. అదే సంవత్సరం మార్చిలో వెలువడిన ఒక పరిశోధన, ఈ మందును నెలకు ఒక డాలరు నుంచి ఐదు డాలర్ల లోపు ధరకు లాభంతోనే తయారు చేయవచ్చని లెక్క కట్టింది. ఐదు డాలర్లకూ, 1,349 డాలర్లకూ మధ్య వున్న దూరాన్ని పేటెంటు అంటారు.

ఈ బిల్లు ఎవరు కడతారు? 1990 నాటి చట్టం పేదల బీమా అయిన మెడికెయిడ్‌లో, బరువు తగ్గించే మందులకు డబ్బివ్వాలో లేదో రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. 2003 చట్టం వృద్ధుల బీమా మెడికేర్‌లో వాటిని పూర్తిగా మినహాయించింది. ఇంద్రధనుస్సు మాత్రల మచ్చ మనసులలో వుండి, బరువు మందంటే సోకు మందు అనుకున్న కాలపు శాసనాలవి. కాబట్టి ఒకే దేశపు పౌరుడు, ఒకే జబ్బు, రాష్ట్రం గీత దాటితే హక్కు మారిపోతుంది. 2024 ఆగస్టు నాటికి స్థూలకాయానికి ఈ మందులను మెడికెయిడ్‌ కింద ఇచ్చిన రాష్ట్రాలు 13 మాత్రమే.

రాష్ట్రోద్యోగుల పథకాలలో ఈ సంకటం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నార్త్‌ కరోలినా రాష్ట్ర పథకంలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు కలిసి ఏడు లక్షలకు పైగా వున్నారు. 2023లో సుమారు ఇరవై ఐదు వేలమంది వాడిన బరువు మందులకు పథకం పెట్టిన ఖర్చు దాదాపు పది కోట్ల డాలర్లు. ఇప్పటికే వాడుతున్నవారికి మాత్రం కొనసాగిద్దామని బోర్డు ఆలోచిస్తే, అలా పరిమితం చేస్తే తయారీదారు ఇచ్చే రిబేటు పోతుందని తేలింది. అందరికీ కొను, లేదా పూర్తి ధర పెట్టు. 2024 జనవరి 25న బోర్డు ఓటు వేసి, ఏప్రిల్‌ 1 నుంచి అందరికీ ఆపేసింది. అదే రాష్ట్రంలో, రాజధాని రాలీకి చేరువలో, క్లేటన్‌ పట్టణంలో నోవో నోర్డిస్క్‌ ఫ్యాక్టరీ వుంది. ఓటు జరిగిన ఐదు నెలలకు ఆ ఊళ్ళో మరో ఫ్యాక్టరీకి 410 కోట్ల డాలర్లు పెడుతున్నామని కంపెనీ ప్రకటించింది. ఫ్యాక్టరీ వున్న రాష్ట్రంలోనే పంతులు పథకం నుంచి మందు పోయింది. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతం కూడా అదే.

కనెక్టికట్‌ రాష్ట్రం మరో దారి తొక్కింది. 2023 జులై నుంచి ఉద్యోగులకు ఈ మందు కావాలంటే, రాష్ట్రం నియమించిన దూరవైద్య సంస్థ ద్వారానే రావాలన్నది. మందు ఆపలేదు, ద్వారం వద్ద కాపలా పెట్టింది. ధర తగ్గించలేని ప్రభుత్వాలకు మిగిలింది రోగుల వరసను తగ్గించడమే.

యాభై దర్వాజాల దుకాణం

2022లో కంపెనీలు గిరాకీని అందుకోలేకపోయాయి. సెమాగ్లుటైడ్‌, ఆ ఏడాది చివర టిర్జెపటైడ్‌ కొరత జాబితాకెక్కాయి. 2013 చట్టపు మినహాయింపు ఒక్కసారి ప్రాణం పోసుకుంది. ముడి మందు తెప్పించుకుని, నీళ్ళలో కలిపి, సీసాలలో నింపే ఫార్మసీలు వందలుగా లేచాయి. కావలసిందల్లా చీటీ రాసే డాక్టరు.

ఆ డాక్టరును దూరవైద్యం ఇచ్చింది. దీనికీ ఒక చరిత్ర వుంది. 1998, 99లలోనే ఇంటర్నెట్టులో ప్రశ్నావళి నింపించుకుని వయాగ్రా అమ్మిన దుకాణాల మీద కొన్ని రాష్ట్రాలు కేసులు పెట్టాయి. 2008లో కేంద్రచట్టం మత్తుమందుల వంటి వాటికి ముఖాముఖి పరీక్ష తప్పదన్నది, మిగిలిన మందుల సంగతి రాష్ట్రాలకే వదిలింది. 2020 కోవిడ్‌ కాలంలో దూరవైద్యం ఇంటింటి వాడుక అయింది. రోగి ఏ రాష్ట్రంలో వుంటే అక్కడి లైసెన్సు డాక్టరుకు వుండాలి. మందు పంపే ఫార్మసీకి ఆ రాష్ట్రపు అనుమతి వుండాలి. చాలా రాష్ట్రాలలో కంపెనీ నేరుగా డాక్టర్లను కొలువులో పెట్టుకుని వైద్యం చేయించడం నిషిద్ధం. దానికీ ఉపాయం దొరికింది. కాగితం మీద డాక్టరు పేరున ఒక వైద్య సంస్థ వుంటుంది. దాని లెక్కలు, ప్రకటనలు, కంప్యూటర్లు, చందాలు అన్నీ 'నిర్వహణ సంస్థ' చేతిలో వుంటాయి. వైద్యం డాక్టరుది, వ్యాపారం కంపెనీది. యాభై రాష్ట్రాల చట్టాలకు యాభై దర్వాజాలు పెట్టి, లోపల మాత్రం ఒకే దుకాణం నడిపారు.

2024 మేలో హిమ్స్‌ అండ్‌ హర్స్‌ అనే దూరవైద్య కంపెనీ కలిపిన సెమాగ్లుటైడ్‌ను నెలకు 199 డాలర్లకు అమ్మకం మొదలుపెట్టింది. 2025 ఫిబ్రవరిలో దేశమంతా చూసే ఫుట్‌బాల్‌ ఆట మధ్యలో ప్రకటన వేసింది. ఈ వ్యవస్థ మనల్ని జబ్బుపడేలా చేసి లాభం తీస్తున్నదని అందులో నిప్పులు చెరిగింది. జనం కోపాన్ని పెట్టుబడి ఎలా సరకు చేసుకుంటుందో చూడదలచినవారికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. 2002లో సుప్రీంకోర్టు కాపాడిన వాక్‌స్వాతంత్ర్యం చివరికి పలికిన పలుకు ఇది.

ఈ దుకాణానికి వచ్చినవారిలో ఎక్కువమంది బీమా కాదన్నవారో, అసలు బీమా లేనివారో. కలిపిన మందుకు ఎఫ్‌.డి.ఏ. అనుమతి వుండదు కనుక, సాధారణంగా బీమా పైసా ఇవ్వదు. 199 డాలర్లయినా సొంత జేబులోంచే రావాలి. కంపెనీ మందు మోతాదు ముందే అమర్చిన పెన్నులో వస్తుంది. కలిపిన మందు సీసాలో వస్తుంది. ఎన్ని గీతల వరకు సిరంజీలోకి లాగాలో రోగే చూసుకోవాలి. కొందరు అనుకున్న మోతాదుకు ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కువ పొడుచుకుని వాంతులతో ఆసుపత్రి పాలయ్యారని 2024 జులైలో ఎఫ్‌.డి.ఏ. హెచ్చరించింది. మన కాంపౌండరు సీసా మీద అతికించిన కాగితం గీతల విలువ ఇలాంటి చోట తెలుస్తుంది. ఆ కాంపౌండరు రోగి ఎదుట వుండేవాడు, తప్పు జరిగితే మర్నాడు అదే ఊళ్ళో తల ఎత్తుకోవాలి. యాభై దర్వాజాల దుకాణానికి ఊరు లేదు.

2024 అక్టోబరు 2న టిర్జెపటైడ్‌ కొరత తీరిందని ఎఫ్‌.డి.ఏ. ప్రకటించింది. కలిపేవాళ్ళ సంఘం టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్‌ కోర్టుకెక్కింది. సంస్థ మళ్ళీ లెక్క చూసి డిసెంబరులో తన మాటే నిజమన్నది. 2025 ఫిబ్రవరి 21న సెమాగ్లుటైడ్‌ కొరత కూడా తీరిందన్నది. సెమాగ్లుటైడ్‌ కలిపే షాపులకు ఏప్రిల్‌ 22, పెద్ద కేంద్రాలకు మే 22 గడువు. కలిపేవాళ్ళకు కోర్టు రక్షణ ఇవ్వలేదు. ఆ తర్వాత విటమిన్‌ ఒకటి చేర్చో, మోతాదు కొంచెం మార్చో, ఇది నకలు కాదు, మీకోసం ప్రత్యేకంగా చేసిందని అమ్మకం సాగించినవారున్నారు. ఇంద్రధనుస్సు మాత్రల డాక్టర్లు పలికిన మాటే ఇది. 2025 సెప్టెంబరులో ఎఫ్‌.డి.ఏ. పదుల సంఖ్యలో హెచ్చరిక లేఖలు పంపింది.

కొరత తీరిందన్న ఆ రోజున వెస్ట్‌ వర్జీనియా పంతులు ఇంట్లో ఏం మారింది? అలమరలో సరకు చేరింది. ఆయన జేబులో సొమ్ము చేరలేదు. అప్పటిదాకా దొరికిన చవక సీసా మాత్రం పోయింది.

ఎవరి పక్షం?

ఈ వివాదంలో పత్రికలు మనకు రెండు పక్షాలు చూపించాయి. ఒకటి, క్షేమం పేరిట మాట్లాడే పేటెంటు కంపెనీలు. రెండవది, అందుబాటు పేరిట మాట్లాడే దూరవైద్య దుకాణాలు. మొదటివారు చెప్పే క్షేమం అబద్ధం కాదు. 1937, 2012 శవాలు అందుకు సాక్ష్యం. ఐతే ఆ శవాల మీద కట్టిన గోడనే వాళ్ళు తమ ధరకు ప్రహరీగా వాడుకున్నారు. రెండవవారు చెప్పే అందుబాటు కూడా పూర్తి అబద్ధం కాదు, ఎందరో వాళ్ళ దగ్గరే మందు పొందారు. ఐతే వాళ్ళు బతికింది గుత్తధర నీడలోనే. 1,349 వున్నంతకాలమే 199 చవక. 2025 ఏప్రిల్‌లో హిమ్స్‌ కంపెనీ నోవో నోర్డిస్క్‌తో చేయి కలిపింది, జూన్‌లో ఆ స్నేహం చెడింది. పెద్ద చేప మీద చిన్న చేప తిరుగుబాటు చేస్తున్నదని మురిసిపోయే అభ్యుదయవాదులు ఆ రెండు నెలల ముచ్చటను గుర్తుంచుకోవడం మంచిది.

ఈ మూడేళ్ళలో ధర కదిలిన తీరు కూడా పాఠమే. వెగోవీని నేరుగా డబ్బిచ్చి కొనేవారికి 2025 మార్చిలో 499 డాలర్లకు, నవంబరులో 349కి దించారు. ఆ నవంబరులోనే వైట్‌హౌస్‌తో ఒప్పందమై మెడికేర్‌, మెడికెయిడ్‌లకు నెలకు 245 డాలర్లకు ఇస్తామన్నారు. తయారీ ఖర్చు ఏడాదిలో ఐదోవంతుకు పడిపోయిందని ఎవరూ చెప్పలేదు. పోటీ, రచ్చ, ప్రభుత్వపు బేరం ఒత్తిడి చేశాయి, ధర తగ్గింది. అంటే మొదటి ధర అవసరం విధించినది కాదని కంపెనీలే ఒప్పుకున్నట్టయింది. నార్త్‌ కరోలినా బోర్డు ఓటుకు కూర్చున్న రోజున ఈ ధర వుండివుంటే ఇరవై ఐదు వేలమంది గతి మరోలా వుండేది.

కాలిఫోర్నియాలో 2026 జనవరి 1న రెండు పనులు జరిగాయి. పేదల బీమా బరువుకోసం ఈ మందులివ్వడం ఆపేసింది. అదే రోజున ఆ రాష్ట్రం తన సొంత పేరుతో చవక ఇన్సులిన్‌ను, పెన్ను ఒక్కింటికి 11 డాలర్ల లెక్కన, బజారులో పెట్టింది. ఒకే ప్రభుత్వం, ఒకే ఉదయం. గుత్తధర ముందు అది చేతులెత్తేసింది. తానే ఉత్పత్తి బాధ్యత తలకెత్తుకున్నచోట నిలబడింది. రాష్ట్రస్థాయిలో ఏం సాధ్యమో, ఏం అసాధ్యమో ఈ రెండు పనులూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఈ పాఠం మనకు కొత్త కాదు. 1960లలో సోవియట్‌ సాయంతో హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్‌. ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ లేచింది. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. ఈ రెండింటి నీడన మన నగరం మందుల నగరమైంది. రెడ్డీస్‌ స్థాపించిన అంజిరెడ్డి కూడా ఐ.డి.పి.ఎల్‌.లో పనిచేసి వచ్చినవాడే. 2005లో ఆ చట్టం మారి, మందు మీద పేటెంటు తిరిగి వచ్చింది. ఐనా సెమాగ్లుటైడ్‌ పేటెంటు భారతదేశంలో 2026 మార్చిలో ముగిసింది, అమెరికాలో 2030ల దాకా నిలుస్తుంది. 2025 డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు, పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసేందుకు రెడ్డీస్‌ ఈ మందు తయారు చేయవచ్చన్నది. రెడ్డీస్‌ కూడా లాభం కోసం నడిచే కంపెనీయే, దాన్ని మనం పూజించనక్కరలేదు. ఒక మందును పదిమంది తయారు చేయగలిగినప్పుడు ధర దిగుతుంది, ఒక్కడే చేసినప్పుడు ఎక్కుతుంది. ఎంతమంది చేయాలో నిర్ణయించేది రసాయనశాస్త్రం కాదు, శాసనం. శాసనాన్ని మార్చగలిగేది ప్రజలు.

వెస్ట్‌ వర్జీనియా ఉపాధ్యాయులు 2018లో తమ అడుగులు లెక్కపెట్టబోయిన కంపెనీని నిలువరించారు. అందుకు వాళ్ళకు కోర్టూ అక్కరలేదు, చవక దుకాణమూ అక్కరలేదు. 55 కౌంటీలలో బళ్ళు మూసి నిలబడ్డారు. 2024లో వెయ్యిమంది మందు ఆగినప్పుడు ఆ వెయ్యిమందీ ఎవరికి వారు కంప్యూటరు ముందు ఒంటరిగా కూర్చున్నారు. మొదటిసారి వాళ్ళు సంఘం, రెండవసారి వాళ్ళు ఖాతాదారులు. ధర గురించి నోరెత్తని చట్టాలను నోరెత్తేలా చేయవలసింది సంఘమే.